లూలెయోలో పండగ సాయంత్రం: మంచును తెలుగులో చెప్పడం ఎలా?

మనం చూడని ఊరి గురించి, మనకి అనుభవంలో లేని చలి గురించి, తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషికి చెప్పాలంటే ఎలా చెప్పాలి? ఈ వ్యాసంలో చూడబోయేది ఇదే. మనలో చాలామందికి అన్నో అక్కో ఎవరో ఒకరు చలిదేశాల్లో చదువుతున్నారు. వాళ్లు ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడతారు, మనకి వెంటనే అర్థమైపోతుంది. అదే విషయం ఇంట్లో తాతయ్యకో నానమ్మకో చెప్పమంటే మాత్రం "అక్కడ బాగా చలంట, మంచు పడుతుందంట" దగ్గర ఆగిపోతాం.

నా దగ్గరున్న ఉదాహరణ ఇది. మా పెద్దమ్మ కూతురు స్వీడన్‌లో లూలెయో అనే ఊళ్లో ఎం.ఎస్. చేస్తోంది. లూలెయో ఆ దేశానికి ఉత్తరాన, బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉంటుంది. ఆర్కిటిక్ వలయం అక్కణ్ణుంచి ఇంకో 110 కిలోమీటర్లు మాత్రమే. మన విజయవాడ 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, లూలెయో 65 డిగ్రీలు దాటాక ఉంది. డిసెంబర్ 13న స్వీడన్‌లో లూసియా పండగ. ఆ సాయంత్రం ఎలా గడిచిందో అక్క మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఇంగ్లిష్‌లో పేజీన్నర రాసింది. దాన్ని అమ్మమ్మకి చెప్పే పని నాకు పడింది.

అమ్మమ్మది పశ్చిమ గోదావరి జిల్లాలో పల్లెటూరు. అక్క విమానం ఎక్కిన దగ్గర్నుంచి ఆవిడ అడిగేది ఒకటే మాట: "సాయంత్రం పూట ఏం చేస్తుందిరా ఒక్కత్తీ?" దీనికి జవాబు ఆ పేజీన్నరలో ఉంది. దాన్ని తెలుగులోకి తేవాలి. తెస్తూ నేను నేర్చుకున్నవి నాలుగు పాఠాలుగా రాస్తున్నాను.

ముందు ఆ సాయంత్రం సంగతి

అక్క ఉండేది స్టూడెంట్ హౌసింగ్‌లో. ఒక పొడుగు కారిడార్, అటూ ఇటూ గదులు, అందరికీ కలిపి ఒక్క వంటగది. ఆరోజు ఆ వంటగదిలో ఏడుగురు చేరారు. ఇద్దరు స్వీడన్ వాళ్లు, ఒక ఇరాన్ అమ్మాయి, ఒక కెన్యా అబ్బాయి, ఇద్దరు జర్మన్లు, మా అక్క. తలా ఒకటి వండి తెచ్చారు. స్వీడన్ అమ్మాయి కుంకుమపువ్వు వేసిన బన్నులు చేసింది. అందులో పడిన కుంకుమపువ్వు ఇరాన్ అమ్మాయి వాళ్లింటి నుంచి వచ్చింది. అక్క నిమ్మకాయ పులిహోర కలిపింది. తర్వాత అందరూ నడుచుకుంటూ చర్చికి వెళ్లి లూసియా ఊరేగింపు చూసి, వెనక్కి వచ్చి, రాత్రి పదకొండు దాకా కబుర్లు చెప్పుకున్నారు. బయట మైనస్ 15 డిగ్రీలు.

జరిగింది ఇంతే. ఇప్పుడు దీన్ని చెప్పాలి.

పాఠం 1: టైమ్ చెప్పకండి, వెలుగు చెప్పండి

అక్క మెసేజ్‌లో మొదటి వాక్యానికే అర్థం, "సాయంత్రం మూడింటికి మొదలుపెట్టాం" అని. ఇది యథాతథంగా చదివితే అమ్మమ్మ వెంటనే, "మూడింటికి సాయంత్రమేంట్రా, మధ్యాహ్నం కదా" అంటుంది. ఆవిడ లెక్కలో సాయంత్రం అంటే ఎండ తగ్గి, గేదెలు ఇంటికొచ్చే వేళ. గడియారంతో సంబంధం లేదు.

లూలెయోలో డిసెంబర్ 13న సూర్యుడు దాదాపు పావుతక్కువ పదికి వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే వెళ్లిపోతాడు. పగలు మొత్తం కలిపి మూడున్నర గంటలు కూడా ఉండదు. ఉన్నంతసేపూ నడినెత్తికి రాడు, దిగంతం అంచునే జరుగుతూ వెళ్తాడు. కారణం మనం ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతిలోనో చదివిందే. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉంది, డిసెంబర్లో ఉత్తర ధ్రువం సూర్యుడికి ఎడంగా తిరిగి ఉంటుంది. అక్క ఊరు కనక ఇంకాస్త ఉత్తరాన ఉంటే సూర్యుడు అసలు పైకే రాడు.

కాబట్టి నేను ఇలా చెప్పాను: "అక్కడ ఈ నెల్లో మన భోజనాల వేళకే దీపాలు పెట్టేస్తారు అమ్మమ్మా. మూడయ్యేసరికి మనకి రాత్రి ఎనిమిది ఉన్నట్టు ఉంటుంది." అక్కడ కిటికీల గురించి కూడా చెప్పాను. డిసెంబర్లో స్వీడన్‌లో చాలా ఇళ్ల కిటికీల్లో మెట్లు మెట్లుగా ఏడు దీపాలుండే స్టాండు పెడతారు, పక్కన కాగితపు నక్షత్రం వేలాడదీస్తారు. కర్టెన్లు వేయరు. వీధిలో నడిచేవాళ్లకి ఆ వెలుగు కనబడాలి కదా. ఇది వినగానే అమ్మమ్మకి ఆ ఊరు కొంచెం కనబడింది. "గూట్లో దీపం అన్నమాట" అంది.

పాఠం ఏమిటంటే, గంటలూ డిగ్రీలూ మనకి పనికొస్తాయి. వినేవాళ్లకి కావాల్సింది ఆ వేళకి ఇంట్లో ఏ పని జరుగుతుంది, ఎంత వెలుగు ఉంటుంది అన్నది.

పాఠం 2: మాట లేకపోతే అది చేసే పని చెప్పండి

ఇది అసలు పాఠం. తెలుగులో 'మంచు' అనే ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. ధనుర్మాసంలో పొద్దున్నే ఆకుల మీద ఉండేది మంచు. రోడ్డు కనబడకుండా కమ్మేది మంచు. లంబసింగి వెళ్లి మనం ఫొటోలు తీసుకునేది మంచు. హిమాలయాల మీద ఉండేది మంచు. ఇంగ్లిష్‌లో ఇవన్నీ వేరు వేరు మాటలు. మన దగ్గర పొగమంచు, మంచుబిందువు, మంచుగడ్డ అని ముందో వెనకో ఇంకో మాట తగిలించాలి. హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం అని సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఉన్నాయి. పద్యంలో బాగుంటాయి. "అమ్మమ్మా, అక్క తుషారంలో నడిచింది" అంటే మాత్రం ఏదో సినిమా పాట అనుకుంటుంది.

స్వీడిష్‌లో మంచుకి బోలెడు మాటలు. గుప్పిట్లో నొక్కితే ముద్దయ్యే మంచు 'క్రామ్‌స్నో'. పైన గట్టిగా పెచ్చు కట్టిన మంచు 'స్కారె'. సగం కరిగి రోడ్డు మీద రొచ్చయ్యేది 'స్లాస్క్'. ఇది వాళ్ల గొప్పా కాదు, మన లోటూ కాదు. రోజూ దేనితో పని పడుతుందో దానికి మాటలు పుడతాయి. మనకి వానతో పని. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. ఒక్కో మాటకి ఒక్కో వాన. ఏ వానలో గొడుగు చాలు, ఏ వానలో బట్టలు ఆరవు, ఏ వానలో బయటికే వెళ్లకూడదు అన్నది ఆ మాటలోనే తెలిసిపోతుంది.

అందుకని మంచు పడడం చెప్పేటప్పుడు వాన మాటలు అప్పు తెచ్చుకోవచ్చు. "మూడు రోజులు మంచు ముసురు పట్టింది" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఒక తేడా మాత్రం చెప్పాలి. ముసురుకి చప్పుడు ఉంటుంది, మంచుకి ఉండదు. పైగా కొత్తగా పడిన మంచు చుట్టుపక్కల చప్పుళ్లని కూడా పీల్చేసుకుంటుంది. దాని నిండా గాలి ఖాళీలే కాబట్టి. పొద్దున్నే లేచేసరికి ఊరంతా దూదిలో పెట్టినట్టు ఉంటుందని అక్క రాసింది.

అప్పు కూడా దొరకని చోట, ఆ వస్తువు ఏం చేస్తుందో చెప్పాలి. ఆ సాయంత్రం చర్చికి నడుస్తుంటే కెన్యా అబ్బాయి మంచుని ఉండ చేసి అక్క మీద విసరాలని చూశాడట. ఉండ అవ్వలేదు. మైనస్ 15లో మంచు పూర్తిగా పొడిగా ఉంటుంది. సున్నాకి దగ్గర్లో ఉన్నప్పుడే దాని మీద పల్చటి నీటి పొర ఉండి రేణువులు అతుక్కుంటాయి. ఇది అమ్మమ్మకి ఎలా చెప్పాలి? అరిసెల పిండి గుర్తొచ్చింది. బియ్యం నానబెట్టి, వాడ్చి, దంచిన తడిపిండిని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలుస్తుంది. ఆరిపోయిన పిండి అయితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. "అక్కడి మంచు ఆరోజు ఆరిపోయిన పిండి అమ్మమ్మా. ముద్ద కాలేదు" అన్నాను. ఆవిడ నవ్వి, "అయితే ఆ పిల్లాడికి అరిసెలు రావు" అంది. క్రామ్‌స్నోకి తెలుగు మాట లేకపోవచ్చు. కానీ ఆ తేడా అమ్మమ్మ చేతులకి ఎప్పుడో తెలుసు.

అలాగే చలి. "మైనస్ 15" అనేది మన ప్రాంతంలో ఒట్టి అంకె. అక్కడ బూటు కింద మంచు కిర్రుకిర్రుమంటుంది. ముక్కులోపలి తడి గడ్డకట్టి, గాలి పీల్చగానే గుచ్చినట్టవుతుంది. పార్కింగ్‌లో కార్లకి, మన ఫోన్లకి పెట్టినట్టు, వైరు పెట్టి ప్లగ్‌లో గుచ్చుతారు. ఇంజన్ ముందుగా వేడెక్కితే గానీ పొద్దున్న సరిగ్గా స్టార్ట్ అవ్వదు. కాలిబాటల మీద జారకుండా సన్న కంకర చల్లుతారు. ఇవన్నీ చెప్పాక డిగ్రీలు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

మన సాహిత్యంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం రాసుకుని హిమాలయాలకి వెళ్తాడు, చూసి ఇంటికి వచ్చేద్దామనుకుంటాడు. మంచు నీటికి ఆ లేపం కరిగిపోతుంది. ఇంక తిరిగి రాలేడు. ఆ కథలో మంచు ఎంత తెల్లగా ఉంది అన్నదానికన్నా, అది చేసిన పని ముఖ్యం. అది ఒక మనిషిని ఇంటికి రానివ్వలేదు. కథంతా అక్కణ్ణుంచే నడుస్తుంది. క్లాసులో ఇది చదివినప్పుడు మనకి వరూధిని గుర్తుండిపోతుంది. ఈసారి చదివితే ఆ లేపం కరిగే చోట ఒక నిమిషం ఆగండి.

పాఠం 3: పోలిక చెప్తే తేడా కూడా చెప్పండి

"లూసియా అంటే వాళ్ల దీపావళి" అనేస్తే పని తేలిక. కానీ అది సగమే నిజం. టపాసులు లేవు, లక్ష్మీపూజ లేదు. లూసియా ఇటలీలోని సిసిలీ ద్వీపానికి చెందిన క్రైస్తవ సాధ్వి. నాలుగో శతాబ్దం మొదట్లో చనిపోయింది. ఆవిడ పేరు మీద జరిగే పండగలో ఒక అమ్మాయి తెల్లటి పొడుగు గౌను వేసుకుని, నడుముకి ఎర్ర గుడ్డ కట్టుకుని, తల మీద కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని ముందు నడుస్తుంది. వెనక ఇంకొందరు చేతుల్లో కొవ్వొత్తులతో పాడుతూ వస్తారు. అబ్బాయిలు నక్షత్రాలు అతికించిన కోసు టోపీలు పెట్టుకుంటారు. ఎక్కువచోట్ల ఇది పొద్దున్నే జరుగుతుంది, చర్చిల్లో సాయంత్రం కూడా పెడతారు. హాల్లో లైట్లన్నీ ఆర్పేస్తారు. ముందు దూరంగా పాట వినబడుతుంది, తర్వాత వెలుగు లోపలికి వస్తుంది. ఈ వరసలో చెప్తే చాలు, దీపావళి పోలిక అక్కర్లేదు.

తిండి కూడా అంతే. కుంకుమపువ్వు బన్నుని 'లుస్సెకాట్' అంటారు. ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా రెండు వైపులా చుట్టి, ఆ చుట్టల మధ్యలో ఒక్కో ఎండుద్రాక్ష పెడతారు. 'గ్లోగ్' అనేది లవంగం, దాల్చినచెక్క, యాలకులు వేసి వేడిచేసిన ద్రాక్షసారా. సారా లేకుండా రసంతో చేసేది కూడా దొరుకుతుంది. అక్క తాగింది అదే. కప్పులో బాదం పప్పులు, ఎండుద్రాక్షలు వేసుకుని తాగుతారు. "కషాయం లాంటిది, కానీ తియ్యగా ఉంటుంది" అని చెప్పాను. 'తియ్యగా' అనే మాట మర్చిపోతే అక్కకి జలుబు చేసిందనుకునేది.

పోలిక బాగా కుదిరిన చోటు ఒకటుంది. లూలెయో పక్కనే గామెల్‌స్టాడ్ అనే పాత చర్చి ఊరు ఉంది. పదిహేనో శతాబ్దపు రాతి చర్చి, దాని చుట్టూ 424 చెక్క ఇళ్లు. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఇళ్లలో మామూలు రోజుల్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు. దూరం పల్లెల నుంచి ఆదివారాలకీ పండగలకీ వచ్చినవాళ్లు, ఆ దూరంలో, ఆ చలిలో అదేరోజు వెనక్కి వెళ్లలేరు కాబట్టి, రాత్రి ఉండడానికి కట్టుకున్నవి. "సత్రం లాంటివి" అన్నాను. "సత్రం ఊరందరిదీ. ఇవి ఎవరివి వాళ్లవి" అని తేడా కూడా చెప్పాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "తీర్థానికి బళ్లు కట్టుకెళ్లి, బళ్ల కిందే పడుకునేవాళ్లం. వాళ్లకి చలి కదా, ఇల్లే కట్టుకున్నారు" అంది. నా సత్రం కన్నా ఆవిడ బండి పోలికే దగ్గరగా ఉంది. బండి ఎవరిది వాళ్లది కదా!

పాఠం 4: 'ఆ రోజే ఎందుకు?' అని అడగండి

ఇది మన సీఎస్ వాళ్లకి నచ్చుతుంది. సంవత్సరంలో అన్నిటికన్నా పొడుగు రాత్రి డిసెంబర్ 21 లేదా 22న వస్తుంది. మరి వెలుగు పండగ 13న ఎందుకు?

పాత జూలియన్ క్యాలెండర్ సంవత్సరాన్ని 365.25 రోజులుగా తీసుకుంది. అసలు విలువ దాదాపు 365.2422. ఏడాదికి 11 నిమిషాల ఎర్రర్. చిన్నదే, కానీ సరిచేయకపోతే సుమారు 128 ఏళ్లకి ఒక రోజు పేరుకుంటుంది. అలా పద్నాలుగో శతాబ్దం నాటికి పొడుగు రాత్రి జరుగుతూ జరుగుతూ డిసెంబర్ 13 దగ్గరికి వచ్చింది. లూసియా రాత్రే ఏడాదిలో పొడుగు రాత్రి అని ఉత్తరాది జనం నమ్మింది అందుకే. తర్వాత స్వీడన్ 1753లో కొత్త క్యాలెండర్‌కి మారింది. ఆ ఏడాది ఫిబ్రవరి 17 తర్వాత రోజు మార్చి 1. తేదీలు సర్దుకున్నాయి, పండగ మాత్రం పాత తేదీ దగ్గరే ఉండిపోయింది. అంతకుముందు ఇంకో మారే ప్రయత్నం మధ్యలో చెడి, 1712లో స్వీడన్‌లో ఫిబ్రవరి 30 అనే రోజు కూడా వచ్చింది. డేట్ వాలిడేషన్ కోడ్ రాసేటప్పుడు గుర్తు పెట్టుకోండి!

ఇప్పుడు మన సంక్రాంతి చూడండి. ఉత్తరాయణం మొదలని చేసుకుంటాం. కానీ సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22లో, మన పండగ జనవరి 14, 15లో. మన పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాలతో పోల్చి లెక్కిస్తుంది. భూమి అక్షం బొంగరంలా చాలా నెమ్మదిగా, సుమారు 26,000 ఏళ్లకి ఒక చుట్టు తిరుగుతుంది. దానివల్ల దాదాపు 71, 72 ఏళ్లకి ఒక రోజు తేడా వస్తుంది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకేసారి వచ్చేవి. వాళ్ల పండగ పొడుగు రాత్రికి వారం ముందుకి జరిగింది, మనది మూడు వారాలు దాటి వెనక్కి వెళ్లింది. కారణాలు వేరు. కానీ ఇద్దరూ ఎదురుచూసింది ఒక్కదానికే, పగలు మళ్లీ పెరగడానికి.

అమ్మమ్మకి ఈ లెక్కలేవీ చెప్పలేదు. "ఇంక పగలు పెరుగుతుందని చేసుకునే పండగ" అన్నాను. "మన పెద్దపండగ లాగే" అంది. ఈ పోలికకి నేను తేడా చెప్పలేదు, అవసరం కనబడలేదు.

చివరగా ఒక్క మాట దగ్గర

అక్క మెసేజ్ చివర్లో "మిస్సింగ్ యూ ఆల్ ఎ లాట్" అని ఉంది. ఇంగ్లిష్‌లో ఇది మనం రోజుకి పదిసార్లు అంటాం. మెస్‌లో బిర్యానీ అయిపోయినా "మిస్ అయ్యా" అంటాం. తెలుగులో దీనికి సరైన మాట ఉంది, బెంగ. కానీ అది చాలా బరువైన మాట. పిల్ల బెంగ పెట్టుకుందంటే అన్నం మానేసిందని, చిక్కిపోయిందని అర్థం. ఆ మాట చదివితే అమ్మమ్మ రాత్రంతా నిద్రపోదు. "అందరినీ అడిగానని చెప్పమంది" అంటే తేలికైపోతుంది, అక్క రాసింది అది కాదు.

ఇలాంటి చోట ఊహించి రాయకూడదని నాకు అనిపించింది. అక్కకే ఫోన్ చేసి అడిగాను. "బెంగ అని చెప్పనా, వద్దా?" కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "బెంగే. నవంబర్ అంతా ఉంది. మధ్యాహ్నమే చీకటి పడిపోతుంటే గదిలోంచి బయటికి రాబుద్ధి కాలేదు. సంక్రాంతికి కూడా రాలేను కదా. కానీ ఆరోజు సాయంత్రం మాత్రం లేదురా. ఆ రెండూ చెప్పు."

ఆ రెండూ చెప్పాను. నవంబర్ గురించి విని అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. ఏడుగురు, ఒక వంటగది, పులిహోర గిన్నె ఖాళీ అవడం గురించి విన్నాక మాత్రం ఆవిడ అడిగిన ప్రశ్న మారింది. "ఆ ఇరాన్ పిల్ల వాళ్లింటి నుంచి కుంకుమపువ్వు తెచ్చిందన్నావు కదా, మనం ఏం పంపుదాం?"

మీకు అభ్యాసం

1. చలిదేశంలో ఉన్న మీవాళ్ల మెసేజ్ ఒకటి తీసుకోండి. అందులో టైమ్, డిగ్రీలు, కిలోమీటర్లు కొట్టేసి, వాటి బదులు వెలుగు, పని, చప్పుడు పెట్టి ఐదు వాక్యాలు రాయండి.

2. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి వాన పేర్లు పది రాసుకోండి. వాటిలో ఏవి మంచుకి సరిపోతాయి, ఏవి సరిపోవు, ఎందుకు?

3. 'మిస్', 'బోర్', 'ఎంజాయ్' ఈ మూడింటికీ మీ ఊళ్లో వాడే తెలుగు మాటలు కనుక్కోండి. ఏ మాట ఎంత బరువుందో రాయండి.

రాసింది ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు మధ్యలో "అంటే ఏంటి?" అని ఆపిన చోట గీత గీసుకుని, ఆ కాగితం క్లబ్ మీటింగ్‌కి తీసుకురండి. ఆ గీతల దగ్గర్నుంచే మొదలుపెడదాం.